పన్నెండో సీసా

హేచరీ, మందుల గది
సోమవారం

ఆడపడుచుకి,

అందరం బాగానే ఉన్నామని రాయడం మర్యాద కాబట్టి రాస్తున్నాను. నిజానికి బాగాలేము. రెండో విడత రొయ్య పిల్లలు కూడా నిన్న పోయాయి. మొదటి విడతలాగే, సరిగ్గా ఎనిమిదో రోజున. పొద్దున మేత వేస్తే ఒక్కటీ ముట్టలేదు. మధ్యాహ్నానికి ఆరు ట్యాంకుల్లోనూ అడుగున తెల్లగా పేరుకున్నాయి. అన్నిటినీ వలతో తీసి పారబోశాం.

ఫోన్ చేద్దామంటే ఇక్కడ గాలి మిషన్ల మోతలో అరవాలి. అరిస్తే మీ అన్నయ్య వింటారు. నీకు నమూనాలు పంపుతున్నట్టు ఆయనకి చెప్పలేదు. "దాని దగ్గర మన పరువు తీయకు, ఈ హేచరీ గురించి అక్కడ అందరికీ గొప్పగా చెప్పుకుంటుంది" అన్నారు. కాగితం మీద రాసి ఇవ్వనిదే మీ ల్యాబ్ వాళ్లు నమూనాలు తీసుకోరట కదా. ఆ వంకన ఈ ఉత్తరాన్ని ఐసు పెట్టెలో పెడుతున్నాను. నీ జవాబు కూడా ఖాళీ పెట్టెలోనే పంపు. పెట్టె విప్పేది నేనొక్కదాన్నే.

ఏటా మన పిల్లల్నే తీసుకెళ్లి చెరువుల్లో వదిలే మీసాలాయన నీకు గుర్తుండే ఉంటాడు. నిన్న పొద్దునే వచ్చాడు. బేసిన్లో పిల్లల్ని పోసి, చేత్తో నీళ్లు గిర్రున తిప్పి చూశాడు. బలంగా ఉన్నవి నీళ్లకి ఎదురీదుతాయి. మనవన్నీ మధ్యలో కుప్పపడ్డాయి. ఆయన కోప్పడలేదు, అదే బాధ. "ఇంకొక్క విడత చూస్తానమ్మా. తరవాత నన్ను ఏమీ అనుకోవద్దు" అన్నాడు. మిగతా రైతులందరూ ఆయన వెనకే నడుస్తారు.

ఆయన వెళ్లాక మీ అన్నయ్య నాతో అన్న మాట ఇది: "మూడోది కూడా పోతే ట్యాంకులు బోర్లించేద్దాం. నాకు పైపుల పని వచ్చు, ఎక్కడైనా బతుకుతాం." నాకు ఇంకో పని రాదు. రావాలనీ లేదు. ఈ పద్నాలుగేళ్లలో నేను బాగా నేర్చుకున్నది ఒక్కటే, రొయ్య పిల్లని చూసి అది బతుకుతుందో లేదో చెప్పడం. ఇక్కడ పనిచేసే ఆరుగురు ఆడవాళ్లదీ అదే పరిస్థితి.

తల్లి రొయ్యలు వచ్చే నెల గుడ్లు పెడతాయి. ఈలోగా ఏం జరుగుతోందో నువ్వు తేల్చాలి. చిన్నప్పటి నుంచీ అందరి తప్పులూ పట్టుకుంటావుగా, ఇప్పుడు పట్టుకో.

నీ వదిన

*

ల్యాబ్, మూడో అంతస్తు
శనివారం

వదినా,

ముందు తిట్లు, తరవాత సంగతులు. సీసాల మీద పేర్లు పెన్సిలుతో రాస్తారా ఎవరైనా? ఐసు కరిగి సగం చెరిగిపోయాయి. "ట్యాం 3 అడు" అంటే మూడో ట్యాంకు అడుగు నీళ్లని అర్థం చేసుకోవడానికి నాకు గంట పట్టింది. పన్నెండో సీసా మీదయితే అసలు ఏమీ లేదు. అదేమిటో రాయి.

ఇక సంగతులు. నీ పిల్లల్ని చంపుతున్నది చీకట్లో వెలిగే రకం బ్యాక్టీరియా. స్టోరు గది తలుపులు మూసి, కిటికీకి దుప్పటి కట్టి చూశాను. పట్టపగలే పళ్లేలు నీలంగా మెరిశాయి. చూడ్డానికి ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను, నువ్వు చూస్తే గుండె బాదుకునేదానివి. వీటి సంగతి కొంచెం చిత్రం. పదో పరకో ఉన్నప్పుడు నోరు మెదపవు. గుంపు కూడాయని తెలిసిందో, అప్పుడు వెలుగూ చూపిస్తాయి, విషమూ కక్కుతాయి. మీ ఎనిమిదో రోజు లెక్క అదే. ఏడు రోజులు బలగం పోగుచేసుకుంటున్నాయన్నమాట.

నాకు మతి పోయింది ఇంకో చోట. పళ్లెం నిండా బ్యాక్టీరియాని పరిచి, దాని మీద మందుల్లో ముంచిన కాగితపు బిళ్లలు పెడతాం. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఏడు రకాల బిళ్లలు పెట్టాను. ఐదింటికి వలయమే లేదు. మీరు వాడతామని నమూనాల చీటీలో రాసిన మందు బిళ్లనయితే ఏకంగా ఎక్కి కూర్చున్నాయి. కొన్ని రకాలు విషంలో మొనగాళ్లు, కొన్ని మందుకి లొంగకపోవడంలో. వీటికి రెండూ అబ్బాయి.

ఇంతగా ముదరాలంటే ఏళ్ల తరబడి రోజూ కొంచెం కొంచెం మందు అలవాటు చేసి ఉండాలి. చచ్చేంత వేయరు, మానరు. బలహీనమైనవి పోతాయి, మొండివి మిగిలి పిల్లల్ని కంటాయి. రోజూ మందు పొయ్యమని మీకు సలహా ఇచ్చిన ఆ మహానుభావుడెవరో పేరు రాసి పంపు. వాడి డిగ్రీ ఏ సంతలో కొన్నాడో కనుక్కుంటాను. మందు ఎంత, ఎలా పోస్తున్నారో ఉన్నదున్నట్టు రాయి.

అన్నయ్య అన్నం తింటున్నాడా?

నీ ఆడపడుచు

*

హేచరీ, మందుల గది
బుధవారం

పండితురాలికి,

పెన్సిలు సంగతి, నమూనాలు నింపి పేర్లు రాసిన మన సీసాల పెద్దమ్మకి చదివి వినిపించాను. "పెన్నుతో రాస్తే ఐసులో కరగదా ఏంటి, నీ ఆడపడుచుకి కళ్లజోడు కావాలి" అంది. ఈసారి మైనపు రంగుతో రాయించాను.

పన్నెండో సీసా నమూనా కాదు. పెట్టెలో పన్నెండు గుంటలున్నాయి, మన సీసాలు పదకొండే. గుంట ఖాళీగా ఉంటే పక్క సీసా దొర్లి పగులుతుందని, పెద్దమ్మ చేతికి అందిన నీళ్లేవో నింపి పెట్టిందట. ఎక్కడివని అడిగితే మందు డ్రమ్ములోవి అంది. పారబొయ్యి.

మందు పద్ధతి అడిగావు. కింద రాస్తున్నాను.

పెద్ద డ్రమ్ములో శుభ్రమైన ఉప్పునీళ్లు నింపి మందు పొడి కలపాలి. రోజూ పొద్దున మేతకి ముందు ట్యాంకుకి ఒక మగ్గు పొయ్యాలి. మగ్గు నిండా కాదు, మెడ దాకా. తొందరపడి గుమ్మరించకుండా అంచు వెంట తిరుగుతూ పొయ్యాలి.

అంతే. డ్రమ్ములో సగం తగ్గితే మళ్లీ నీళ్లూ పొడీ కలుపుతాం. సలహా ఎవరిచ్చారో నాకు అంతగా గుర్తులేదు. చాలా ఏళ్లయింది. పాపం, ఎవరో మంచి బుద్ధితోనే చెప్పి ఉంటారు. ఇప్పుడు వాళ్ల పేరు తవ్వుకుని ఏం లాభం చెప్పు. నాకయితే కరెంటు మీదే అనుమానంగా ఉంది. పోయిన నెల మూడుసార్లు పోయి గాలి మిషన్లు ఆగాయి.

మీ అన్నయ్య తింటున్నారు. పళ్లెంలో ఏముందో చూడకుండా తింటున్నారు.

నీ వదిన

*

ల్యాబ్, మూడో అంతస్తు
మంగళవారం

వదినా,

పన్నెండో సీసాని పారబోయలేదు. పారబోసి ఉంటే మన కొంప మునిగేది.

రాత లేదు కదా అని చివర్లో, ఓ పళ్లెం మిగిలితే దాని మీద పోశాను. ట్యాంకుల నీళ్లలో ఉన్న బ్యాక్టీరియాకి పాతిక రెట్లు ఉంది అందులో. అదే వెలుగు, అదే మొండితనం. మందు డ్రమ్మే పుట్ట. ఉప్పునీళ్లలో కలిపితే ఆ మందు పదును తగ్గిపోతుంది, వెలుతురు తగిలితే ఇంకా తగ్గుతుంది. ఆ నీరసపు మందులో అవి ఏళ్ల తరబడి హాయిగా కాపరం చేస్తున్నాయి. పొద్దున్నే ఆ డ్రమ్ములోంచి మగ్గు తీసి, అంచు వెంట తిరుగుతూ, జబ్బుని మీరే మీ చేతులతో ప్రతి ట్యాంకులోనూ పోస్తున్నారు.

ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని రెండు గాజు తొట్లలో వేసి చూశాను. మామూలు సముద్రపు నీళ్ల బ్యాక్టీరియా కలిపిన తొట్లో అన్నీ బతికాయి. డ్రమ్ములోది కలిపిన తొట్లో రెండో రోజుకి ఒక్కటీ మిగల్లేదు. ఆ డ్రమ్ముని ఈ క్షణం నుంచి ఎవరూ ముట్టుకోవద్దు.

ఇంకొకటి అడగాలి. నువ్వు రాసిన పద్ధతిని నాలుగుసార్లు చదివాను. "మగ్గు నిండా కాదు, మెడ దాకా." ఈ ప్రపంచంలో మగ్గుకి మెడ ఉంటుందనేది నేనొక్కదాన్నే. హాస్టల్లో నా స్నేహితురాళ్లు దానికి పడిపడి నవ్వేవాళ్లు.

వదినా, అది ఎవరు రాసిన కాగితం?

*

హేచరీ, మందుల గది
గురువారం

అమ్మాయీ,

నువ్వు అడగకుండా ఉంటే బాగుండేది. అడిగాక అబద్ధం చెప్పలేను.

తొమ్మిదేళ్ల కిందట కాలేజీ రెండో ఏడాది సెలవుల్లో నువ్వు వచ్చినప్పుడు నాలుగో ట్యాంకు జబ్బు పడింది. మీ అన్నయ్య తల పట్టుకుని కూర్చుంటే, నువ్వు నోట్‌బుక్‌లోంచి కాగితం చింపి పద్ధతి రాసిచ్చి బస్సెక్కావు. ఆ ట్యాంకు బతికింది. ఆ ఏడాది మన పిల్లలంత బలమైన పిల్లలు ఎక్కడా లేవు. మీ అన్నయ్యకి కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ కాగితానికి చెక్క పటం కట్టించి, అద్దం వేయించి, మందుల గదిలో డ్రమ్ముకి ఎదురుగా తగిలించారు. ఎవరొచ్చినా ముందు దాని దగ్గరికి తీసుకెళతారు. "మా చెల్లెలు రాసింది. అప్పటికింకా రెండో ఏడే చదువుతోంది" అని చెప్పాకే ట్యాంకులు చూపిస్తారు. రోజూ పొద్దున స్నానం చేసి వచ్చి, ఆ మగ్గు ఆయనే పోస్తారు. నాకు కూడా ఇవ్వరు. నువ్వు పండగలకి ఇంటికొచ్చి అటే వెళ్లిపోతావు, హేచరీ దాకా రావు, అందుకే ఆ పటం నీ కంట పడలేదు.

ఆ పద్ధతిని నా చేతిరాతలో దించి పంపితే నువ్వు పోల్చుకోలేవనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి నా పరిస్థితి ఏమీ బాగాలేదు. డ్రమ్ము ఆపుదామని ఆయనతో అన్నాను. "మా చెల్లెలికన్నా నీకెక్కువ తెలుసా" అన్నారు. నీ ఉత్తరం చూపిస్తే ఆపుతారు, కానీ తొమ్మిదేళ్లుగా ఆయన గొప్పగా చెప్పుకుంటున్నదే మన పిల్లల్ని చంపిందని తెలిసి ఎలా తట్టుకుంటారు? చూపించకపోతే మూడో విడత పోతుంది. నేను దాచింది నీ కోసం కొంచెం, ఆయన కోసం ఎక్కువ. నువ్వు మనసుకి తీసుకోవద్దు. అప్పుడు నీకు పందొమ్మిదేళ్లు.

నీ వదిన

*

ల్యాబ్, మూడో అంతస్తు
పదిహేను రోజుల తరవాత, శుక్రవారం

హేచరీ యజమానులకు,

మీరు పంపిన పదకొండు నమూనాలూ, అదనంగా వచ్చిన ఒక సీసా పరీక్షించాం. వివరాలు జతచేశాం. వ్యాధికి మూలం మందు కలిపి ఉంచిన డ్రమ్ము. రోజువారీ మందు వాడకం వల్ల బ్యాక్టీరియా మందుకు లొంగని స్థితికి చేరింది. మందు వాడకం వెంటనే మానాలి. డ్రమ్ము, మగ్గు, గొట్టాలు తొలగించాలి.

తప్పుడు సలహా ఇచ్చిన వ్యక్తి: ఈ నివేదిక రాసిన వ్యక్తి.

వదినా, పై వాక్యం ఫారంలో ఉండాల్సింది కాదు, నేనే రాశాను. మా పెద్దమేడం చదివి కొట్టేయమన్నారు. కొట్టేయనన్నాను. వచ్చే నెల నుంచి రైతులకి సలహాలిచ్చే విభాగం నాకు అప్పగించాలనుకున్నారు. నాకు వద్దని చెప్పేశాను. ఒక్క కాగితంతో సొంత అన్న హేచరీకే చిచ్చు పెట్టినదాన్ని, ఊళ్లోవాళ్ల చెరువులకి ఏం చెప్పను? ఈ పదిహేను రోజులూ ఉత్తరం ఎందుకు రాయలేదని అడగకు. రాసి చింపినవి నాలుగున్నాయి.

దీంతోపాటు చిన్న చీటీ పెట్టాను. అది అన్నయ్యకి. "అన్నయ్యా, గోడ మీది కాగితం తీసెయ్యి. అందులో ఉన్నది తప్పు. నేను తప్పు రాశాను." అంతే ఉంది అందులో. నువ్వే ఇవ్వు. దాచకు.

*

హేచరీ, వరండా
ఆదివారం

అమ్మాయీ,

ఈ ఉత్తరాన్ని నిలబడి చదువుతున్నావేమో, కూర్చో.

నీ చీటీ ఇచ్చాను. మీ అన్నయ్య చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. మందుల గదిలోకి వెళ్లారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. పటాన్ని గోడ మీది నుంచి దించారు. విసిరి కొడతారనుకున్నాను. ఆయన స్క్రూడ్రైవర్ తెచ్చి, స్టూలు మీద కూర్చుని, ఒక్కొక్క మేకే నిదానంగా ఊడదీశారు. "దాని చేతిరాత అద్దం కింద పెట్టి తొమ్మిదేళ్లు చూసుకున్నాను. చించడానికి చేతులు రావట్లేదు, మడిచి దాచుకుంటాను" అన్నారు.

కాగితం బయటికొచ్చింది. అడుగున, చెక్క అంచు కింద రెండు వేళ్ల మేర తెల్లగా ఉంది. మిగతా కాగితమంతా పచ్చబడింది, అక్కడ మాత్రం నువ్వు నిన్న రాసినట్టుంది. అక్కడ ఇంకో వరసుంది.

"ఇలా మూడు రోజులే. నాలుగో రోజు ఆపేసి, డ్రమ్ము కడిగి ఎండబెట్టాలి. మళ్లీ వాడకూడదు."

కింద రెండు గీతలు కూడా గీశావు.

నేను బయటికి చదివాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని మళ్లీ చదివారు. పటం కట్టేవాడు చెక్కకి సరిపోయేలా కాగితాన్ని కిందికి జరిపాడు, ఆ వరస చెక్క కిందికి పోయింది. అంతే జరిగింది. ఆ మొదటి ఏడాది నువ్వు చెప్పినట్టే మూడు రోజులు వేసి ఆపాం, గుర్తొచ్చింది. పటం కట్టించాకే రోజూ వేయడం మొదలైంది. మీ అన్నయ్య గచ్చు మీద కూలబడిపోయారు. కాగితాన్ని ఒళ్లో పెట్టుకుని అన్నారు:

"అది సరిగ్గానే రాసింది. నేనే చెక్క పెట్టి మూసేశాను."

ఏడ్చారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవగా నేను చూడటం రెండోసారి. ఆ తరవాత లేచి ముఖం కడుక్కుని, డ్రమ్ముని ఆయనే దొర్లించుకుంటూ బయటికి తీసుకెళ్లారు. తలకిందులు చేస్తే లోపల గోడంతా వేలెడు మందాన జిగురు పట్టి ఉంది. సీసాల పెద్దమ్మ ముక్కు మూసుకుని, "దీన్నా మనం మందని పోసింది" అంది.

నీ కాగితం ఇందులో పెట్టాను. నీ కళ్లతో నువ్వే చూసుకో. తల్లి రొయ్యలు ఇంకో పద్దెనిమిది రోజుల్లో గుడ్లు పెడతాయి. ఇప్పుడేం చేయాలో రాయి. మీ అన్నయ్య కూడా అడుగుతున్నారు.

నీ వదిన

*

ల్యాబ్, మూడో అంతస్తు
మంగళవారం

వదినా,

కూర్చునే చదివాను. చదివి స్టోరు గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చి వచ్చాను. బయటికి రాగానే మా పెద్దమేడం కాగితం అడిగి తీసుకుని, ఆ చివరి వరస రెండుసార్లు చదివారు. "పందొమ్మిదేళ్లకే గీతలు గీసి చెప్పావు. సలహాల విభాగం సంగతి సోమవారం మాట్లాడుకుందాం" అని వెళ్లిపోయారు. నేను పూర్తిగా కడిగిన ముత్యాన్నేం కాదు. ఉప్పునీళ్లలో కలపమన్నది నేనే. మందు పదును పోతుందని అప్పుడు నాకు తెలీదు. ఆ తప్పు నాదే, దాన్ని చెక్క మీదికి తొయ్యను.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను, అన్నయ్యని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

డ్రమ్ము, మగ్గు, పాత గొట్టాలు, నీళ్లలో బుడగలు వదిలే గాలిరాళ్లు, ఏవీ మిగల్చొద్దు. కొత్తవి తెచ్చుకోండి. ట్యాంకుల్ని బ్లీచింగుతో రుద్ది, నాలుగు రోజులు ఎర్రటి ఎండలో ఎండనివ్వండి. వేలితో రాస్తే కిర్రుమనాలి. శుభ్రం చేసిన నీళ్లు పట్టగానే పిల్లల్ని వదలొద్దు. అప్పుడే శుభ్రం చేసిన నీళ్లు ఖాళీ ఇల్లులాంటివి, ముందొచ్చినవాడిదే ఇల్లు. వారం రోజులు గాలి పెడుతూ ఊరనివ్వండి. మామూలు, హాని చెయ్యని బ్యాక్టీరియా ముందు చేరి చోటు నింపేస్తాయి. తరవాత ఆ రౌడీలు వచ్చినా గుంపు కట్టే జాగా ఉండదు. గుంపు కట్టకపోతే విషమూ లేదు.

మందు మాత్రం ఒక్క చుక్క వద్దు. మందు ఉన్నన్నాళ్లే ఆ మొండివాటికి పెత్తనం. మందు లేనప్పుడు మామూలువి వాటిని దాటుకుని పెరుగుతాయి. అన్నిసార్లూ అలా జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. ఈసారి మీకు ఏ వరసా దాచి చెప్పను. ఇది జరుగుతుందని నేను నమ్ముతున్నాను, అంతవరకే.

రోజూ ఒక సీసా పంపు. పేర్లు మైనంతో.

నీ ఆడపడుచు

*

హేచరీ, మందుల గది
పిల్లలు పుట్టిన తొమ్మిదో రోజు

అమ్మాయీ,

తొమ్మిదో రోజని పైన రాసినప్పుడే నీకు అర్థమై ఉండాలి. కానీ వరసగా చెప్పనివ్వు, నాకు చెప్పాలని ఉంది.

ఐదు రోజులు ఏ తేడా లేదు. ఆరో రోజు పొద్దున రెండో ట్యాంకులో కొన్ని నీరసంగా తేలాయి, పేగు పలచబడినట్టు కనిపించింది. మీ అన్నయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. నేరుగా మందుల గదిలోకి నడిచారు. అక్కడి బీరువాలో ఇంకో రకం మందు డబ్బా ఒకటి ఉంది, పారేయలేదని నాకు అప్పుడే తెలిసింది. నేను ముందు పరుగెత్తి బీరువాకి వీపు ఆనించి కింద కూర్చున్నాను. "లే" అన్నారు. లేవనన్నాను. "పిల్లలు పోతాయి" అన్నారు. "పోతే మందు లేకుండా పోతాయి. మీరు పోస్తే ఈ విడతా పోతుంది, పై విడతా పోతుంది" అన్నాను. ఆయన నా ఎదురుగా నిలబడే ఉన్నారు. తరవాత ఆయన కూడా వచ్చి బీరువాకి వీపు ఆనించి నా పక్కన కూర్చున్నారు. ఇద్దరం అలా మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. పనివాళ్లు వచ్చి చూసి, మాకేదో గొడవనుకుని వెళ్లిపోయారు.

ఏడో రోజు అవే తేలినవి తేలాయి, కొత్తవి తేలలేదు. ఎనిమిదో రోజు నేను మేత వేయలేకపోయాను. సీసాల పెద్దమ్మ వేసింది. వేసి, వంగి చూసి, "అమ్మగారూ, ఇలా రండి" అంది. వెళ్లి చూస్తే, మేతకి ఎగబడుతున్నాయి. ఆరు ట్యాంకుల్లోనూ. నల్లగా, నిండుగా పేగులు కనిపిస్తున్నాయి. ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

నిన్న మధ్యాహ్నం నువ్వు చేసినట్టే స్టోరు గది కిటికీకి దుప్పట్లు కట్టి, ట్యాంకు నీళ్లు గాజు జాడీలో పోసి చూశాం. కళ్లు పొడుచుకున్నా ఒక్క మెరుపు లేదు. మీ అన్నయ్య ఆ చీకట్లో ఏమన్నారో తెలుసా, "ఇంత అందమైన చీకటి నేనెప్పుడూ చూడలేదు" అన్నారు. ఈయనకి ఇలాంటి మాటలు కూడా వచ్చని నాకు ఇప్పటిదాకా తెలియదు.

ఆ డబ్బా కూడా ఇందులో పెట్టాను. మీ ల్యాబులో మీకు కావలసినట్టు వదిలించుకోండి.

నీ వదిన

*

ల్యాబ్, మూడో అంతస్తు
సోమవారం

వదినా,

నీ ఉత్తరాన్ని బల్ల మీదికెక్కి అందరికీ చదివాను. బీరువా దగ్గరికి వచ్చేసరికి మా పెద్దమేడం పెన్ను కింద పెట్టేశారు. ఎనిమిదో రోజు దగ్గర చప్పట్లు కొట్టారు. గాజుసామాను కడిగే ఆవిడ కూడా కొట్టింది, ఎందుకో తెలియకుండానే.

లెక్కలు చెబుతాను. నువ్వు పంపిన తొమ్మిది రోజుల సీసాల్లో మొదటి రోజు నుంచి నేటిదాకా బ్యాక్టీరియా ఉన్నాయి, లేకుండా ఎలా ఉంటాయి. కానీ మామూలువి వెయ్యి ఉంటే, ఆ వెలిగే రకం ఒకటో రెండో. గుంపు కట్టలేదు. ఆరో రోజున కొంచెం తల ఎత్తాయి, ఏడో రోజుకి మళ్లీ అణిగిపోయాయి. బీరువాకి మీరు వీపు ఆనించి కూర్చున్న సమయంలో మిగతా పని మామూలువే చూసుకున్నాయి. ఆ రోజు మీరు మందు పోసి ఉంటే మామూలువన్నీ చచ్చి, ఇల్లు మళ్లీ ఖాళీ అయ్యేది.

పిల్లల ఒంట్లో మందు ఆనవాళ్లు కూడా చూశాం. సున్నా. దాని పత్రం జతచేశాను, సంతకం పెద్దమేడంది. నా సంతకం పెట్టలేదు, నేను చుట్టాన్ని కదా.

సలహాల విభాగం తీసుకున్నాను. మొదటి నియమం నేనే పెట్టాను: మేం రాసిచ్చిన ప్రతి కాగితమూ ఏడాది తిరిగేసరికి మేమే వెళ్లి మళ్లీ చదివి రావాలి.

మీసాలాయన ఎప్పుడొస్తాడు? ఆ రోజే రాయి, ఆలస్యం చేయకు. నా గోళ్లు అయిపోయాయి.

నీ ఆడపడుచు

*

హేచరీ, ట్యాంకుల షెడ్డు
పిల్లలు పుట్టిన ఇరవై రెండో రోజు

అమ్మాయీ,

ఇప్పుడే వెళ్లాడు. ఆయన లారీ ఇంకా మలుపు తిరగలేదు, నేను బేసిన్ బోర్లించి దాని మీద కాగితం పెట్టి రాస్తున్నాను.

ముగ్గురు రైతుల్ని వెంటేసుకుని వచ్చాడు. నీ పత్రం ఇస్తే చదవకుండా జేబులో పెట్టుకున్నాడు. "కాగితం తరవాత, ముందు పిల్లని చూడాలి" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. బేసిన్లో ఒక మగ్గు పిల్లల్ని పోయించి, చేతిని ముంచి, నీళ్లని గిర్రున తిప్పాడు. మామూలుగా తిప్పేదానికన్నా గట్టిగా తిప్పాడని నాకనిపించింది. చెయ్యి తీశాడు.

ఒక్కటి కూడా మధ్యలోకి రాలేదు. అన్నీ ఒకేసారి తల తిప్పి, అంచు పట్టుకుని, నీళ్లకి ఎదురు నిలబడ్డాయి. బేసిన్ అంచు చుట్టూ నల్లటి వలయం కట్టాయి. వెనకున్న రైతు ఒకాయన "అబ్బా" అన్నాడు. మీసాలాయన ఇంకోసారి తిప్పాడు. మళ్లీ అంతే. ఇంకో ట్యాంకులోవి పోయించి తిప్పాడు. ఆరు ట్యాంకులూ అయ్యాయి. చెయ్యి తుడుచుకుని మీ అన్నయ్య వైపు తిరిగాడు.

"ఇంత బలమైన పిల్లని పదేళ్లలో చూడలేదు. ఏం మందు వేశావో చెప్పు. మా చెరువుల్లో కూడా అదే వేస్తాం" అన్నాడు.

నేను మీ అన్నయ్య ముఖం వైపే చూస్తున్నాను. తొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్న కోసం నోరూరుతూ ఉండే మనిషి. ఎవరూ అడగకపోయినా జవాబు చెప్పే మనిషి. గొంతు సవరించుకున్నారు.

"ఏమీ వెయ్యలేదండి" అన్నారు.

మీసాలాయన నవ్వాడు. "అది అందరూ చెప్పేదే. నాకు చెప్పు, బయటికి పోనివ్వను" అన్నాడు.

"ఏమీ వెయ్యలేదు. వేద్దామని ఒకసారి వెళ్లాను. ఈవిడ వెయ్యనివ్వలేదు" అని నన్ను చూపించారు. నలుగురు మగవాళ్లూ నా వైపు తిరిగారు. నాకు సిగ్గేసింది, కానీ తల దించుకోలేదు. మీసాలాయన అప్పుడు జేబులోంచి నీ పత్రం తీసి, వెలుతురులోకి వెళ్లి, ప్రతి అక్షరం చదివాడు. చదివి నా దగ్గరికి వచ్చి, "అమ్మా, వచ్చే విడత కూడా మాకే ఉంచండి. ఆరు ట్యాంకులూ" అన్నాడు. మీ అన్నయ్యని అడగలేదు, నన్ను అడిగాడు.

పిల్లల్ని సంచుల్లో నింపి, గాలి పట్టి, లారీకి ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. ఆరుగురు ఆడవాళ్లూ షెడ్డు బయట వరసగా నిలబడి చూశారు. లారీ కదిలాక మీ అన్నయ్య దాని వెనకే నాలుగడుగులు వేసి, డ్రైవరుకి వినపడేలా మళ్లీ అరిచారు. "ఏమీ వెయ్యలేదు." ఆ మోతలో డ్రైవరుకి ఏం వినపడిందో ఏమో, చెయ్యి బయటపెట్టి ఊపాడు.

ఇప్పుడు వచ్చి నా పక్కన నిలబడి, ఏం రాస్తున్నావని అడుగుతున్నారు. చెప్పాను. ఆ మాట పెద్ద అక్షరాలతో రాయమంటున్నారు. ట్యాంకులు కడగాలి, పై విడతకి తల్లి రొయ్యలు రేపే వస్తున్నాయి.

నీ వదిన